పెళ్లి కుదిరాక వచ్చిన పేరయ్య

"ఒరేయ్, కొరియర్ అబ్బాయి ఇవాళ 11 పార్సిళ్లతో వచ్చాడురా. తీసుకెళ్లడానికి కాదు, వెనక్కి ఇచ్చిపోవడానికి!"

అక్క విజయవాడ నుంచి ఫోన్ చేసేసరికి నేను హైదరాబాద్‌లో, ఆఫీసులో పొద్దున్నే జరిగే మీటింగ్‌లో ఉన్నా. మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చాను. మర్నాడు ఇంకో 14 వచ్చాయి. ఆ వారం ముగిసేసరికి అక్క హాల్లో సోఫా కనిపించడం మానేసింది.

అక్కది చిన్న ఆన్‌లైన్ చీరల దుకాణం. మంగళగిరి నేతవాళ్ల దగ్గర కాటన్ చీరలు కొని, ఫోన్లో ఫొటోలు తీసి, సొంత వెబ్‌సైట్లో అమ్ముతుంది. ఒక్కోటి సుమారు 1,800. దసరాకి ముందు "అమ్మకాలు పెరగాలంటే ఏం చెయ్యాలిరా?" అని అడిగింది. ఇంజినీరింగ్ చదివిన తమ్ముడు ఉన్నందుకు ఆ మాత్రం పనికిరాకపోతే ఎలా? ఒక్క వీకెండ్‌లో అఫిలియేట్ ప్రోగ్రామ్ కట్టి ఇచ్చేశాను. ఈ వారం కాలమ్ ఆ వీకెండ్ గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ వీకెండ్‌లో నేను ఆలోచించని విషయాల గురించి.

పేరయ్యకి కమిషన్ ఎప్పుడు?

అఫిలియేట్ అంటే కొత్తగా పుట్టిన వింతేం కాదు. మన పెళ్లిళ్ల పేరయ్యే. సంబంధం చూపిస్తాడు, కుదిరితే కమిషన్ తీసుకుంటాడు. 1996లో అమెజాన్ తన పుస్తకాల కోసం ఇదే పద్ధతి పెట్టింది: మీ పేజీలో మా పుస్తకం లింక్ పెట్టండి, దాని మీద నొక్కి ఎవరైనా కొంటే మీకు వాటా. ఇప్పుడు ఇన్‌స్టా రీల్ కింద "లింక్ బయోలో ఉంది" అని కనిపించేవాటిలో చాలా భాగం ఇదే.

నేను కట్టింది కూడా అంతే. చేరినవాళ్లకి ఒక నంబరు, ఒక లింక్. ఆ లింక్ నొక్కినవాళ్ల ఫోన్ బ్రౌజర్లో "వీళ్లని ఫలానా నంబరు పంపింది" అని చిన్న గుర్తు పడుతుంది. దాన్నే కుకీ అంటారు. 30 రోజుల్లోపు కొంటే ఆ నంబరుకి 12 శాతం, అంటే చీరకి 216 రూపాయలు. ప్రతి శుక్రవారం యూపీఐలో చెల్లింపు. ఫారం నింపితే చాలు, ఎవరైనా చేరొచ్చు. నెలలో 63 మంది చేరారు. అక్క సంబరపడింది. నేను ఆఫీసులో నలుగురికి చెప్పుకున్నా కూడా.

పేరయ్యకి డబ్బు ఎప్పుడిస్తారో మా అమ్మమ్మని అడిగినా చెప్పేది: తాళి కట్టాక. నేనేమో పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు ఇచ్చినప్పుడే ఇచ్చేశాను.

17వ నంబరు కథ

ఆ వెనక్కొచ్చిన పార్సిళ్లలో దాదాపు అన్నీ 17వ నంబరు తెచ్చిన ఆర్డర్లే. మూడు వారాల్లో 41 ఆర్డర్లు. అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. మేం అతన్ని "టాప్ పార్ట్‌నర్" అని మెచ్చుకుంటూ మెసేజ్ కూడా పెట్టాం.

41లో 38 వెనక్కొచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకాల భాషలో దీన్ని ఆర్టీవో అంటారు, రిటర్న్ టు ఆరిజిన్. అప్పటిదాకా నాకు ఆర్టీవో అంటే డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసే. కొన్ని చోట్ల "మేం ఆర్డర్ పెట్టలేదు" అన్నారు, కొన్ని చోట్ల ఫోన్ ఎత్తలేదు. మిగతా మూడూ ఏమయ్యాయంటే, ఎవరో మహాతల్లులు ఇంటికొచ్చిన చీర నచ్చి డబ్బిచ్చి తీసేసుకున్నారు!

అప్పుడు కూర్చుని లాగ్స్ తీశాను. పేర్లు వేరు, ఊళ్లు వేరు. కానీ ఆర్డర్లన్నీ రాత్రి ఒంటిగంట, రెండు మధ్యే పడ్డాయి. ఇంకా తవ్వితే 17, 22, 31 నంబర్ల ముగ్గురికీ యూపీఐ ఐడీ ఒకటే. ఆర్డర్ పడితే చాలు శుక్రవారం డబ్బు వస్తుందని ఎవరో కనిపెట్టారు. ఆర్డర్ పెట్టడానికి వాళ్లకి అయ్యే ఖర్చు సున్నా. మాకైన ఖర్చు? 38 చీరల మీద కమిషన్ 8,208. కొరియర్ పోనురాను ఒక్కోటికి సుమారు 150 చొప్పున 5,700. మొత్తం 13,908 రూపాయలు. పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు. అక్కకి అది ఇద్దరు నేతవాళ్లకి ఇవ్వాల్సిన అడ్వాన్సు.

మార్చింది ఏంటంటే, కమిషన్‌కి ఇప్పుడు మూడు దశలు. ఆర్డర్ పడగానే "పెండింగ్". సరుకు చేరి, డబ్బు మాకొచ్చి, వారం రోజుల రిటర్న్ గడువు కూడా దాటాక "ఖరారు". ఆ తర్వాతి నెల మొదటి వారంలో "చెల్లింపు". చేరినవాళ్లకి ఈ మూడూ వాళ్ల పేజీలో కనిపిస్తాయి. పేరు, పాన్, యూపీఐలో వచ్చే పేరు మూడూ కలిస్తేనే చెల్లింపు. ఈ ఒక్క మార్పుతోనే 17వ నంబరూ, అతని ఇద్దరు "కవల సోదరులూ" మాయమైపోయారు. వాళ్లని తరమాల్సిన అవసరమే రాలేదు.

మోసం కాదు, నా మతిమరుపు

అన్నీ మోసాలు కావు. కొందరు అఫిలియేట్‌గా చేరి, తమ లింక్ మీద తామే కొనుక్కున్నారు. మొదటి ఆర్డర్‌కి మేమిచ్చే 10 శాతం కూపన్ కూడా వాడారు. 10 అక్కడ, 12 ఇక్కడ. మా లాభం అంతా అందులోనే ఆవిరి.

నేను కోపంగా "వీళ్లని తీసేద్దాం" అన్నా. అక్క నవ్వింది. "వద్దని ఎక్కడైనా రాశావా?"

రాయలేదు. రాయని రూల్‌ని దాటారని ఎవరినీ దొంగ అనలేం. వాళ్ల కమిషన్ ఇచ్చేశాం. ఆ రోజే ఒక పేజీ తెలుగులో రాసి పెట్టాం: సొంత లింక్ మీద కొంటే కమిషన్ రాదు; కూపన్ వాడిన ఆర్డర్‌కి కూపన్ పోను మిగిలిన మొత్తం మీద 6 శాతమే. ఇంగ్లిష్‌లో 14 పేజీల షరతులు కాపీ కొట్టి పెట్టడం తేలికే. కానీ ఎవరూ చదవని రూల్ ఉన్నా లేనట్టే.

గుమ్మం దగ్గర నిలబడినవాడు

అసలు కష్టమైనది ఇది. ఎందుకంటే ఇందులో కొనేవాళ్లు నిజం, డబ్బు నిజం, చీర చేరడమూ నిజం.

9వ నంబరు లింక్ మీద వందమంది నొక్కితే 31 మంది కొంటున్నారు. మిగతావాళ్లకి వందకి ఇద్దరు. అంత గొప్పగా ఎవరు చెబుతున్నారబ్బా అని చూస్తే, అదొక కూపన్ల పేజీ. ఒక కస్టమర్ దారి మొత్తం లాగ్‌లో వెనక్కి నడిచి చూశాను. మూడు రోజుల క్రితం భీమవరంలోని ఒక టీచర్ గారు చేసిన వీడియో చూసి వచ్చింది. చీర రెండుసార్లు చూసింది. ఇవాళ కార్ట్‌లో వేసింది. అక్కడ "కూపన్ కోడ్ ఉందా?" అన్న పెట్టె కనిపించింది. మీరూ నేనూ చేసేదే ఆవిడా చేసింది: గూగుల్‌లోకి వెళ్లి మా దుకాణం పేరు, పక్కన "కూపన్" అని కొట్టింది. 9వ నంబరు పేజీ తెరిచి, అక్కడి బటన్ నొక్కి, పనిచేయని కోడ్ ఒకటి పట్టుకుని మళ్లీ మా దగ్గరికే వచ్చి, మామూలు ధరకే కొనేసింది. ఆ మధ్య గడిచింది 40 సెకన్లు.

నేను పెట్టిన పద్ధతి "చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్లది". కాబట్టి 216 రూపాయలు 9వ నంబరుకి. వీడియో తీసి, చీర కట్టి చూపించి, కామెంట్లలో అడిగిన ప్రతివాళ్లకీ జవాబిచ్చిన టీచర్ గారికి సున్నా. పెళ్లి కుదిరి, పందిరేసి, భోజనాలు వడ్డించాక గుమ్మం దగ్గర నిలబడి "ఈ సంబంధం నేనే తెచ్చా" అన్న పేరయ్య అన్నమాట.

ఇంకొకరైతే గూగుల్‌లో మా దుకాణం పేరు మీదే యాడ్ కొన్నారు. మా పేరు వెతికినవాళ్లకి అందరికంటే పైన ఆ యాడ్ కనిపిస్తుంది, నొక్కితే వాళ్ల లింక్ మీదుగా మా దగ్గరికే వస్తారు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం విన్నాం. చెట్టు యజమానికే ఆ కాయలు అమ్మి కమిషన్ అడగడం ఇదే చూడటం.

ఇది చిన్నవాళ్లకే జరిగే కష్టం కాదు. అమెరికాలో ఈబే కంపెనీ 2008లో తన పెద్ద అఫిలియేట్ల మీదే కోర్టుకెళ్లింది. వాళ్లలో ఒకరైన షాన్ హోగన్ ఈబే నుంచి అందుకున్న కమిషన్ సుమారు 2.8 కోట్ల డాలర్లు. ఆరోపణ ఏంటంటే, జనం ఏ లింకూ నొక్కకుండానే, వేరే పేజీ ఏదో చూస్తున్నప్పుడు వాళ్ల బ్రౌజర్లో గుట్టుగా ఈబే కుకీ పడేలా చేశారని. తర్వాత వాళ్లు ఎప్పుడైనా తమంతట తాము ఈబేకి వెళ్లి కొన్నా కమిషన్ వచ్చేస్తుంది. దీన్ని కుకీ స్టఫింగ్ అంటారు. హోగన్ నేరం ఒప్పుకున్నాడు, 2014లో ఐదు నెలల జైలు శిక్ష పడింది. ఇక 2024 డిసెంబరులో, కూపన్లు వెతికిపెట్టే హనీ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ యూట్యూబర్ల అఫిలియేట్ గుర్తును చెరిపి తనది పెట్టుకుంటోందని ఆరోపిస్తూ వచ్చిన వీడియో పెద్ద గొడవే రేపింది. ఆ కంపెనీని పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ మరుసటి మార్చిలో గూగుల్, క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చింది: వాడేవాళ్లకి నిజంగా ప్రయోజనం ఇవ్వకుండా అఫిలియేట్ లింకులు దూర్చకూడదని.

మేం చేసింది చిన్నదే. మొదటి క్లిక్, చివరి క్లిక్ రెండూ దాచుకుంటున్నాం. కార్ట్‌లో సరుకు పడ్డాక వచ్చిన క్లిక్‌కి, అంతకుముందు వారంలో వేరేవాళ్ల క్లిక్ ఉంటే, కమిషన్ ముందువాళ్లకే. ఎవరూ పంపకుండా కస్టమర్ తనే వచ్చి ఉంటే ఎవరికీ రాదు. దుకాణం పేరు మీద యాడ్ కొనకూడదని రూల్‌లో రాశాం. అది నేను వారానికోసారి వేరే ఫోన్లో వెతికి చూస్తాను. కూపన్ పెట్టెని కనీకనిపించకుండా చిన్న లింక్‌గా మార్చాం.

మీరూ ప్రోగ్రామ్ నడుపుతుంటే రెండు లెక్కలు చూడండి చాలు. వందకి ఎంతమంది కొంటున్నారు, క్లిక్‌కీ కొనడానికీ మధ్య ఎంతసేపు. మరీ ఎక్కువగా ఉన్నా, వేల క్లిక్‌లకి ఒక్క ఆర్డరూ రాకపోయినా, ఆగి చూడాల్సిందే.

కాటన్ కాస్తా పట్టు అయింది

ఒకాయన రీల్‌లో మా కాటన్ చీరని "ప్యూర్ పట్టు, ఈ రాత్రికే లాస్ట్, సగం ధర" అన్నాడు. చూసి కొన్నావిడ అక్కకి ఫోన్ చేసి చెడామడా తిట్టింది. ఆవిడ దృష్టిలో అబద్ధం చెప్పింది దుకాణమే. తప్పేం లేదు, ఆ మాటకి డబ్బిచ్చేది మేమే కదా.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అమ్మేవాళ్లకే కాదు, ప్రచారం చేసినవాళ్లకి కూడా. డబ్బు తీసుకుని చెబుతుంటే ఆ సంగతి స్పష్టంగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇప్పుడు చేరినవాళ్లకి మేమే ఒక చిన్న కాగితం పంపుతాం: ఏ నూలు, ఏ ధర, ఉతికితే రంగు ఎలా ఉంటుంది. "ఇది ప్రకటన, కొంటే నాకు కమిషన్ వస్తుంది" అన్న వాక్యం తప్పనిసరి.

ఇంకో మహానుభావుడి సలహా: "జాయినింగ్ ఫీజు 499 పెట్టండి, ఒక్కొక్కరూ ఇద్దర్ని చేర్పిస్తే వాళ్ల మీద కూడా వాటా ఇవ్వండి, చూడండి ఎలా పరిగెడుతుందో!" పరిగెడుతుంది, పోలీస్ స్టేషన్ దాకా. సరుకు అమ్మడం మీద కాకుండా మనుషుల్ని చేర్చడం మీద డబ్బు తిప్పే గొలుసు పథకాల్ని 1978 నాటి చట్టమే నిషేధించింది. అక్క "చీరలు అమ్ముకోడానికి పెట్టాను, మనుషుల్ని కాదు" అని ఫోన్ పెట్టేసింది.

నేను చేసిన అసలు తప్పు

ఇంతవరకూ చెప్పినవన్నీ వేరేవాళ్లు చేసినవి. ఇది నేను చేసింది.

17వ నంబరు దెబ్బ తిన్నాక నాకు ఎవర్ని చూసినా అనుమానమే. ఒక రాత్రి కూర్చుని స్క్రిప్ట్ రాశాను: ఒకే పిన్‌కోడ్ నుంచి, ఒకే లింక్ మీద, రెండు రోజుల్లో ఐదు కంటే ఎక్కువ ఆర్డర్లు వస్తే ఆ అఫిలియేట్ ఆటోమేటిక్‌గా బ్లాక్. పెండింగ్ కమిషన్ రద్దు. "మీ ఖాతాలో మోసపూరిత కార్యకలాపాలు గుర్తించాం" అని ఒక మెయిల్. రాసి, నడిపించి, హాయిగా పడుకున్నా.

ఆ స్క్రిప్ట్ పట్టుకున్న మొదటి "దొంగ" భీమవరం టీచర్ గారు. ఒకే పిన్‌కోడ్, 14 ఆర్డర్లు, అన్నీ ఒకే రంగు చీర. చూడగానే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. నాకైతే అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే నేను చూడనే లేదు. మెషీన్ చూసుకుంది.

పొద్దున్నే ఆవిడ అక్కకి ఫోన్ చేసి అడిగింది ఒక్కటే మాట: "మేడమ్, నేను మోసం చేశానా?"

విషయం ఏంటంటే, వాళ్ల స్కూల్ వార్షికోత్సవానికి టీచర్లందరూ ఒకే రకం చీర కట్టుకోవాలనుకున్నారు. ఈవిడ స్టాఫ్ రూమ్‌లో మా చీర చూపించి అందరినీ ఒప్పించింది. 14 మందీ ముందే డబ్బు కట్టేశారు. మా ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచీ అంత నికార్సైన అమ్మకం ఇంకొకటి లేదు. కూపన్ పేజీ ఆవిడ కమిషన్ తినేసినా మాకు తెలియలేదు. ఆవిడ నిజంగా సంపాదించినప్పుడు మాత్రం మేం దొంగ అన్నాం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం అంటే ఇదే.

అక్క నాకు ఫోన్ చేసి ఎక్కువ మాట్లాడలేదు. "మెయిల్ నువ్వు పంపావు కదా, ఫోన్ కూడా నువ్వే చెయ్యి" అంది.

చేశాను. "సాఫ్ట్‌వేర్ అలా..." అని మొదలుపెట్టబోయి ఆగాను. సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. "టీచర్ గారూ, తప్పు నాది. చూడకుండా పంపేశాను" అన్నా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాబూ, ఆ మెయిల్ మా వారు కూడా చదివారు. ఇలాంటివి ఎందుకు పెట్టుకుంటావు అన్నారు" అంది.

అక్క 14 చీరల కమిషన్ 3,024 రూపాయలు, ఆవిడకి రావాల్సిన పాత కమిషన్లు కలిపి పంపింది. క్షమాపణగా ఒక చీర కూడా పెట్టింది. ఆవిడ డబ్బు తీసుకుంది. చీర వెనక్కి పంపేసింది. లోపల చిన్న కాగితం: "కమిషన్ నాది, తీసుకున్నాను. ఇది నాది కాదు. మళ్లీ అనుమానం వస్తే ముందు ఫోన్ చేయండి."

ఆ మాటే ఇప్పుడు మా పేజీలో మొదటి రూల్. స్క్రిప్ట్ ఇంకా నడుస్తోంది, కానీ అది ఎవర్నీ బ్లాక్ చేయదు. అక్కకి ఒక పేరు చూపిస్తుంది, అంతే. అక్క ఫోన్ చేసి అడుగుతుంది. జవాబు చెప్పడానికి వారం గడువు. ఏ ఆర్డర్ మీద అనుమానమో ఆ ఆర్డర్ కమిషన్ మాత్రమే ఆగుతుంది, మిగతాది ఆగదు. "మోసం" అన్న పదం మా మెయిళ్లలోంచి తీసేశాను.

63 మందిలో ఇప్పుడు మిగిలింది 19 మంది. చెల్లించే కమిషన్ సగానికి తగ్గింది, అమ్మకాలు మాత్రం దాదాపు అంతే ఉన్నాయి. అంటే ఆ మిగతా సగం డబ్బు మేం ఎవరికి, ఎందుకు ఇచ్చామో మీరే ఊహించుకోండి.

మీలో చాలామంది ప్రోగ్రామ్ నడిపేవాళ్లు కాదు, అందులో చేరేవాళ్లని నాకు తెలుసు. చేరేముందు ఈ మూడూ అడగండి: కమిషన్ ఎప్పుడు ఖరారవుతుంది? నా తర్వాత వేరే లింక్ నొక్కితే డబ్బు ఎవరికి? నన్ను ఆపేస్తే ఎవరితో మాట్లాడాలి? చేరడానికి డబ్బు అడిగితే మాత్రం ఏమీ అడక్కుండా బయటికొచ్చేయండి. ఇంకోటి: 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో కమిషన్ 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ పట్టే నిబంధన ఉంది. పట్టినవాళ్ల దగ్గర సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్న్ వేసేటప్పుడు పనికొస్తుంది.

టీచర్ గారు రెండు నెలలు ఏ వీడియో పెట్టలేదు. సంక్రాంతికి ముందు పెట్టారు, ఆకుపచ్చ చీర, నిజాం అంచు. వీడియో మొదట్లోనే "ఇది ప్రకటన, నాకు కమిషన్ వస్తుంది" అన్నారు. ఆ లింక్ మీద ఆర్డర్లు ఒకే పిన్‌కోడ్ నుంచి ఆరు దాటగానే అక్క ఫోన్ మోగింది. అక్క వెంటనే ఆవిడకి ఫోన్ చేసింది. ఈసారి పేరంటం అట.